ఖనిలో ఆర్డీ 350: రెండు కార్బురేటర్లు, ఒక చెవి

ఆర్డీ 350 ఇంజిన్‌కి సిలిండర్లు రెండు, కార్బురేటర్లు కూడా రెండు. మన రోడ్ల మీద తిరిగిన బండ్లలో ఇది అరుదు. అంబాసిడర్ అంత కారుకి కార్బురేటర్ ఒక్కటే. ప్రీమియర్ పద్మినికీ ఒక్కటే. యెజ్డీ రోడ్‌కింగ్‌కి సైలెన్సర్లు రెండు కనిపిస్తాయి గానీ, లోపల సిలిండర్ ఒకటే, కార్బురేటర్ ఒకటే. అందుకే మన మెకానిక్కుల్లో చాలామందికి రెండు కార్బురేటర్లని జత కలపాల్సిన అవసరమే రాలేదు. ఆ పని తెలిసిన మనిషి కోసం నేను హైదరాబాద్ నుంచి 220 కిలోమీటర్ల పైచిలుకు వెళ్లాను. వెళ్లింది ఎక్కడికో కాదు, గోదావరిఖనికి. మా ఊరికే.

బండి గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ యమహా సాంకేతికతతో దీన్ని రాజ్‌దూత్ 350 పేరుతో మన దగ్గర తయారుచేయడం మొదలుపెట్టింది. 347 సీసీ, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. జపాన్ బండికి 39 హార్స్‌పవర్ ఉంటే, మనకి మొదట ఇచ్చిన హెచ్‌టీ మోడల్‌కి 30.5, తర్వాత వచ్చిన ఎల్‌టీకి 27. పెట్రోలు తక్కువ తాగాలని గొంతు నొక్కారన్నమాట. అయినా తాగడం మానలేదు. ముందు చక్రానికి డిస్క్ తీసేసి డ్రమ్ బ్రేకు పెట్టారు. అంత పరుగెత్తే బండికి ఆ బ్రేకు పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, ధైర్యవంతులు! పదేళ్లు తిరక్కుండానే తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ధోనీ గ్యారేజీలో, ఇన్‌స్టా రీల్స్‌లో, ఇంకా నాలాంటి పిచ్చివాళ్ల పార్కింగ్‌లో కనిపిస్తుంది.

నాది 1986 ఎల్‌టీ. ఫ్రెండ్స్ అందరూ 'వింటేజ్ బండి' అంటారు. చట్టం మాత్రం ఒప్పుకోదు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటితేనే వింటేజ్. అప్పుడు నంబర్ ప్లేటులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. అంటే నా బండి 2036 దాకా ఒట్టి పాత బండే.

సమస్య ఏమిటంటే, అరవై దాటితే బండి తడబడేది. ఐడిలింగ్‌లో ఓసారి పరుగు, ఓసారి ఆయాసం. ప్లగ్గులు విప్పితే ఎడమది సున్నం రాసినట్టు తెల్లగా, కుడిది మసి పూసినట్టు నల్లగా. ఒకే ఇంజిన్, ఒకే ట్యాంకు, ఒకే పెట్రోలు. రెండు పక్కలా రెండు లోకాలు. నలుపు మరీ ప్రమాదం కాదు, పెట్రోలు ఎక్కువ పోతోందని అర్థం. తెలుపే భయం. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే మంట వేడెక్కిపోతుంది.  ఓ మంచి ఎండరోజున పిస్టన్ సిలిండర్‌కి పట్టేస్తుంది, లేదా పిస్టన్ తలకి చిల్లు పడుతుంది. అప్పుడు సిలిండర్ బోరింగ్ చేయించాలి. బోరింగ్ చేసిన ప్రతిసారీ గోడ కొంచెం పలుచనవుతుంది. ఇలాంటి బండికి అది ఎన్నిసార్లైనా చేయించే పని కాదు.

హైదరాబాద్‌లో ఇద్దరు చూశారు. ఇద్దరూ స్క్రూలు తిప్పారు, ఇద్దరూ 'సెట్ అయింది' అన్నారు. మళ్లీ అదే కథ. చివరికి మా నాన్న ఫోన్లో చెప్పారు: "మన దగ్గరికి తీసుకురా. కాక ఇంకా చేస్తున్నడు."

నడుపుతూ పోయే ధైర్యం లేదు. ట్రాలీ ఆటోలో ఎక్కించి, తాళ్లతో కట్టి, డ్రైవర్ పక్కన కూర్చున్నాను. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట, సిద్దిపేట, కరీంనగర్ దాటాక భూమి రంగు మారదు గానీ లారీల రంగు మారుతుంది. పెద్దపల్లి దాటితే బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ. కాస్త ముందుకెళ్తే ఎన్టీపీసీ చిమ్నీలు. 2,600 మెగావాట్ల స్టేషన్ అది. 1978లో మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఎరువుల ఫ్యాక్టరీ. 1980లో ఉత్పత్తి మొదలై, 1999లో మూతపడి, రెండు దశాబ్దాల తర్వాత మళ్లీ వేరే పేరుతో తెరుచుకుంది. నా చిన్నప్పుడు దాన్ని 'మూతబడ్డ ఫ్యాక్టరీ' అనే పిలిచేవాళ్లం, అదే దాని అసలు పేరన్నట్టు. ఒక్క పది పన్నెండు కిలోమీటర్లలో కరెంటు, ఎరువులు, బొగ్గు. టూరిస్టులు ఎవరూ రారు. రావాల్సిన ఊరే అని నా అభిప్రాయం.

గోదావరిఖని అంటే పేరులోనే గని ఉంది. ఊళ్లో జనం 'ఖని' అనేస్తారు. ఇక్కడ ఏరియాల పేర్లు నంబర్లు. ఫైవ్ ఇంక్లైన్, లెవెన్ ఇంక్లైన్. బయటివాళ్లు నమ్మరు గానీ, 8వ నంబరు ఇంక్లైన్ పక్కన కట్టిన క్వార్టర్లకి 'యైటింక్లయిన్ కాలనీ' అని పేరు స్థిరపడిపోయింది. పేపర్లో డేట్‌లైన్ కూడా అలాగే వేస్తారు. అందులో ఇంగ్లీషు 'ఎయిట్' ఉందన్న సంగతి పదో తరగతి దాకా నాకు తట్టనే లేదు. గనిని ఇక్కడ గని అనరు, 'బాయి' అంటారు. బాయిపని, బాయిల దిగుడు. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు కనిపెట్టినప్పటి నుంచి లెక్కేస్తే సింగరేణిది 150 ఏళ్లు దాటిన కథ. కంపెనీకి ఈ పేరు వచ్చింది మాత్రం 1920లో. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లోకి వచ్చారు. భూగర్భ గనులు తగ్గుతున్నాయి, ఓపెన్‌కాస్టులు పెరుగుతున్నాయి. దిగే మనుషులు తగ్గి తవ్వే మెషీన్లు పెరిగాయి.

కాక ఆ లక్ష మందిలో ఒకరు. బదిలీ వర్కర్‌గా చేరి, బొగ్గు నింపి, తర్వాత సపోర్ట్‌మన్ అయ్యి, ఆ పనిలోనే రిటైరయ్యారు. సపోర్ట్‌మన్ అంటే గనిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టేవాడు, బోల్టులు బిగించేవాడు. షిఫ్ట్ దిగాక ఇంటి పక్కన రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసేవారు. జీతం బాయిలో, సంతోషం షెడ్డులో అని మా నాన్న అంటుంటారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే, "ఇప్పుకుంట, బిగిచ్చుకుంట" అన్నారు. ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివిన నాకు ఇంతకంటే మంచి సిలబస్ ఎవరూ చెప్పలేదు.

ఆటోలోంచి బండి దించగానే ఆయన కార్బురేటర్ల వైపు చూడను కూడా చూడలేదు.

"ఎవలు జేసిండ్రు?"

చెప్పాను.

"ముందుగాల్నే కార్బేటర్ ఇప్పిండ్రా?"

అవునన్నాను.

"గదే మరి. కార్బేటర్ ఆఖరికి ముట్టాలె."

ముందు కిక్కు చేత్తో నొక్కి రెండు సిలిండర్ల కంప్రెషన్ చూశారు. రెండూ సమానంగానే ఎదురు నెడుతున్నాయి. తర్వాత కరెంటు. ఆర్డీకి రెండు సిలిండర్లకి రెండు జతల పాయింట్లు ఉంటాయి. వాటి మధ్య ఖాళీ, టైమింగు రెండు పక్కలా విడివిడిగా పెట్టాలి. అవి సరిగ్గా లేకుండా కార్బురేటర్ తిప్పడమంటే, మా ఆఫీసు భాషలో, సర్వర్ పడిపోయి ఉంటే యాప్ బటన్ రంగు మార్చడం. పాయింట్లు కొంచెం అరిగాయి. సన్న ఆకురాయితో రుద్ది, గేజ్ పెట్టి సరిచేశారు. గంట పట్టింది. అప్పటికీ కార్బురేటర్ జోలికి పోలేదు.

ఇంజిన్ స్టార్ట్ చేసి, కార్బురేటర్‌ని సిలిండర్‌కి కలిపే రబ్బరు మీద కొంచెం స్ప్రే కొట్టారు. కుడి పక్క ఏమీ కాలేదు. ఎడమ పక్క కొట్టగానే ఇంజిన్ గొంతు మారింది. రబ్బరు అడుగున వెంట్రుకంత పగులు ఉంది. పైకి కనపడదు. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతోంది. లెక్కలో లేని గాలి! పెట్రోలుకీ గాలికీ ఉండాల్సిన లెక్క బరువులో సుమారు 1కి 14.7. కార్బురేటర్ తన లెక్క ప్రకారం పెట్రోలు ఇస్తుంది, పక్క సందులోంచి గాలి అదనంగా కలుస్తుంది. ప్లగ్గు తెల్లబడక ఏం చేస్తుంది! ఇద్దరు మెకానిక్కులు తిప్పిన స్క్రూలన్నీ ఈ పగులుతో కుస్తీ పట్టినవే.

గాలి గురించి కాకకి ఎవరూ చెప్పక్కర్లేదు. బాయిలో బతుకే గాలి లెక్క. ఒక దారిన మంచి గాలి లోపలికి పంపుతారు, ఇంకో దారిన వాడిన గాలిని ఫ్యాన్ బయటికి లాగుతుంది. మధ్యలో తలుపులు, తెరలు. ఎక్కడో ఒక తలుపు సరిగ్గా పడకపోతే గాలి అడ్డదారిన వెళ్లిపోయి, మనుషులు పనిచేసే చోటికి చేరదు. రూల్ ప్రకారం పనిచేసే చోట ఆక్సిజన్ 19 శాతం తగ్గకూడదు. వాడిన గాలి బయటికొచ్చే దారిలో మీథేన్ 0.75 శాతం దాటకూడదు. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య గాలిలో కలిస్తే అది పేలుడు మిశ్రమం. సిలిండర్ లోపల మనం కోరి తయారుచేసుకునేదీ అలాంటి మిశ్రమమే. గనిలో అది తయారు కాకుండా జీవితమంతా కాపు కాసిన మనిషి, షెడ్డులో అదే సరిగ్గా తయారవ్వాలని కూర్చుంటాడు.

రబ్బరు మార్చాక అప్పుడు కార్బురేటర్లు విప్పారు. పక్కపక్కన గుడ్డ మీద పరిచారు. ఒకదాని ముక్క ఇంకోదానితో కలవకుండా మధ్యలో తాడు వేశారు. ఫ్లోట్ ఎత్తులు ఒకటే. జెట్ల మీద నంబర్లు ఒకటే. సూది దగ్గర ఆగిపోయారు. కార్బురేటర్ లోపల పైకీ కిందికీ కదిలే స్లైడు ఉంటుంది, దానికో సూది వేలాడుతుంది. సూదికి పైన గాళ్లు, ఒక గాడిలో చిన్న క్లిప్పు. క్లిప్పు ఒక గాడి కిందికి పెడితే సూది అంత పైకి లేస్తుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది. ఎడమదానిలో క్లిప్పు నడిమి గాడిలో ఉంది. కుడిదానిలో ఒక గాడి కింద ఉంది. నల్ల ప్లగ్గు రహస్యం అదీ. ఎవరో మొదలుపెట్టి, ఒక పక్క మార్చి, రెండో పక్క మర్చిపోయి మూసేశారు.

ఇక అసలు పని. హ్యాండిల్ దగ్గర రేసు ఒక్కటే. అక్కడ్నుంచి ఒక కేబుల్ బయల్దేరి దారిలో మూడుగా చీలుతుంది. రెండు కార్బురేటర్లకి, మూడోది ఆయిల్ పంపుకి. మన మణికట్టు ఒక్కసారి తిప్పితే ముగ్గురూ ఒకేసారి కదలాలి. కేబుళ్లేమో నలభై ఏళ్లవి, ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ. అర మిల్లీమీటరు తేడా చాలు, ఒక సిలిండర్ లేచి పనిచేస్తుంటే రెండోది ఇంకా ఆవులిస్తుంటుంది.

కాక ఎయిర్ ఫిల్టర్ పక్క రబ్బర్లు తీసి, ఒకే సైజు డ్రిల్ బిట్లు రెండు తెచ్చి, రెండు స్లైడ్ల కింద ఒక్కొక్కటి ఇరికించారు. రేసు మెల్లగా తిప్పమన్నారు. స్లైడు లేవగానే బిట్ కింద పడాలి. రెండూ ఒకేసారి పడితే జత కుదిరినట్టు. ముందు కుడిది 'టక్' మంది. తర్వాత, ఓ గుటక మింగినంత సేపటికి, ఎడమది. కేబుల్ మీది అడ్జస్టర్ పావు చుట్టు. మళ్లీ ఇరికించడం. మళ్లీ తిప్పడం. టక్, టక్. ఇంకా కొంచెం. పదిసార్లు చేశాం అనుకుంటా. చివరికి రెండూ కలిసి ఒక్కటే చప్పుడు చేశాయి. తర్వాత ఆయిల్ పంపు పుల్లీ మీది గుర్తు కలిపారు. చాలామంది ఈ పంపు పీకేసి ట్యాంకులోనే ఆయిల్ కలుపుకుంటారు. కాకకి అది నచ్చదు. "కంపెనోడు పిచ్చోడా?" అంటారు.

పెద్ద పెద్ద బండ్లకి ఇదే పని వేరేలా చేస్తారు. 1969లో వచ్చిన హోండా సీబీ 750కి నాలుగు కార్బురేటర్లు. అలాంటి ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లకి పాదరసం గొట్టాలు తగిలించి, నాలుగింటిలో మట్టం సమానంగా నిలిచేదాకా స్క్రూలు తిప్పుతారు. జాగ్వార్ ఈ-టైప్ కారుకి మొదట్లో మూడు ఎస్‌యూ కార్బురేటర్లు ఉండేవి. అలాంటి పాత కార్ల మెకానిక్కులు రబ్బరు ట్యూబు ఒక కొస చెవిలో పెట్టుకుని, ఇంకో కొస ఒక్కో కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి, గాలి పీల్చే 'సుయ్' మనే శబ్దాన్ని పోల్చేవారు. ఆర్డీలో పాదరసం గొట్టాలు పెట్టుకోవడానికి చోటు ఉండదు. డ్రిల్ బిట్లు, ఆ తర్వాత ట్యూబు. కాక షెడ్డులోనూ మేకుకి ఓ ట్యూబు వేలాడుతోంది. నల్లగా, జిడ్డుగా, ఒక కొస నమిలినట్టుగా.

ఆ ట్యూబు తీసి నా చేతికిచ్చారు.

"నువ్వు వెట్టుకో. నాకు ఇనవడది."

నాకు వెంటనే అర్థం కాలేదు. మాట్లాడుతుంటే బాగానే వింటున్నారు కదా!

"మాట ఇనవడ్తది. పెద్ద సప్పుడు ఇనవడ్తది. గీ సన్న సప్పుడే ఇనవడది. ఎడమ చెవి మరీ పోయింది."

కోల్ డ్రిల్లు, లోడర్ మెషీను, గాలి నెట్టే ఫ్యాను. ఇరుకు సొరంగంలో ఆ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో బయట ఊహించడం కష్టం. గనుల భద్రతా శాఖ లెక్కలో 85 డెసిబెల్స్ హెచ్చరిక గీత, 90 ప్రమాద గీత. శబ్దంతో పోయే వినికిడిలో ఒక తమాషా ఉంది. అన్ని శబ్దాలూ ఒక్కసారి పోవు. ముందు 4,000 హెర్ట్జ్ దగ్గరి సన్నని శబ్దాలు పోతాయి. పక్షి కూత, ఫోను బీప్, గాలి సవ్వడి. మనిషి మాటల్లో బరువైన భాగం మిగులుతుంది కాబట్టి, వినికిడి పోయిందని అవతలివాళ్లకీ తెలియదు, తనకీ చాలాకాలం తెలియదు. ఐడిలింగ్‌లో ఆర్డీ నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతుందనుకుంటే, ఒక్కో సిలిండర్ సెకనుకి 20 సార్లు కాలుతుంది. రెండూ కలిపి 40. అది లావు శబ్దం. అది కాక చెవికి అందుతుంది, అరచేతికి ఇంకా బాగా అందుతుంది. కార్బురేటర్ పీల్చే సన్నటి గాలి సవ్వడి మాత్రం అందదు.

ఈ చెవే ఒకప్పుడు బాయిలో ఆయన ఆయుధం. సపోర్ట్ పెట్టే ముందు ఇనుప రాడ్డుతో పైకప్పు కొట్టి చూస్తారు. గట్టిగా ఉన్న రాయి 'ఖంగ్' మంటుంది. పొర విడిపోయి వేలాడుతున్న రాయి 'బొద్' మంటుంది. ఆ తేడా వినేదాకా ఎవరినీ అడుగు ముందుకు వేయనివ్వరు. ఈ రోజుల్లో కొలిచే పరికరాలు వచ్చాయి, మెషీన్లు వచ్చాయి. అయినా 2022 మార్చిలో ఇక్కడికి దగ్గర్లోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. "కొడితే రాయి జెప్తది. మనం ఇనాలె" అన్నారు కాక. ఇంకేమీ అనలేదు. ట్యూబు వైపు చూపించారు.

చెవిలో పెట్టుకున్నాను. కుడి కార్బురేటర్ దగ్గర 'సుయ్'. ఎడమ దగ్గర 'సుయ్'. రెండూ ఒకటేనన్నాను.

"కాదు. మంచిగ ఇను."

ఆయనకెలా తెలుసు? ఒక అరచేయి కుడి సైలెన్సర్ మూతి వెనక, ఇంకో అరచేయి ఎడమ మూతి వెనక పెట్టి కూర్చున్నారు. పొగ వేళ్ల సందుల్లోంచి వస్తోంది. ఎడమ పక్క నెట్టుడు తక్కువుందని ఆ చేతులు చెప్తున్నాయి. నన్ను మళ్లీ వినమంటున్నారు. కళ్లు మూసుకుని విన్నాను. ఈసారి కుడిది కొంచెం లావుగా, ఎడమది కొంచెం సన్నగా, ఈల వేసినట్టు. హెడ్‌ఫోన్స్‌లో రోజుకి పది గంటలు గడిపే చెవికి ఆ తేడా దొరకడానికి పావుగంట పట్టింది.

ఆ తర్వాత పని ఇద్దరం పంచుకున్నాం. ఒక ప్లగ్గు వైరు తీసి ఇంజిన్ బాడీకి ఆనించి, ఒక్క సిలిండర్ మీదే ఇంజిన్‌ని బతికించడం. దాని ఐడిల్ స్క్రూ పెట్టడం. ఎయిర్ స్క్రూ పూర్తిగా లోపలికి బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, అక్కడ్నుంచి అటూ ఇటూ వెతకడం. లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది, బయటికి తిప్పితే గాలి పాలు. ఒక చోట ఇంజిన్ దానంతట అదే హాయిగా కాస్త వేగం పుంజుకుంటుంది. అక్కడ ఆగాలి. తర్వాత రెండో పక్క. తర్వాత రెండూ కలిపి, వేగం తగ్గించి, మళ్లీ ట్యూబు, మళ్లీ అరచేతులు. "ఎటు లావున్నది?" అని ఆయన అడగడం, "కుడి" అని నేను చెప్పడం, ఆయన స్క్రూ వెంట్రుకవాసి తిప్పడం. ఓసారి నేను "ఎడమ" అన్నాను. ఆయన అరచేతులు చూసుకుని తలూపారు. నిజం చెప్పాలంటే, ప్రొడక్షన్‌లో నా కోడ్ మొదటిసారి నడిచినప్పుడు కూడా అంత సంబరం కలగలేదు.

మధ్యాహ్నానికి ఆపేయమన్నారు. రామగుండం ఎండ సంగతి తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలుసు, వేసవిలో టీవీ వెదర్ వార్తల్లో మా ఊరి పేరు రానిరోజు తక్కువ. ఎండకి గాలి పలుచబడుతుంది. అదే ఖాళీలోంచి పోయే గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి, పొద్దున సరిగ్గా ఉన్న సెట్టింగు మధ్యాహ్నం పెట్రోలు ఎక్కువైనట్టు నడుస్తుంది. పైగా దుమ్ము. ఓపెన్‌కాస్టుల వైపు నుంచి గాలి వీస్తే షెడ్డులో టీ గ్లాసు మీద కూడా నల్లటి పొర. ఇక్కడి బండ్ల ఎయిర్ ఫిల్టర్లు తొందరగా మూసుకుపోతాయి. హైదరాబాద్ మెకానిక్ లెక్కా, ఖని మెకానిక్ లెక్కా ఒకటి కాకపోవడానికి ఇదో కారణం.

మర్నాడు తెల్లవారుజామున రోడ్డు మీదికి తీశాం. నైట్ షిఫ్ట్ వాళ్లు తిరిగొచ్చే వేళకి ఇంకా టైముంది. గోదావరి వంతెన వైపు రోడ్డు ఖాళీగా ఉంది. ఎక్కడో బొగ్గు టిప్పర్ ఒకటి. నాలుగో గేర్లో రేసు పూర్తిగా తిప్పి, కొంతదూరం పోనిచ్చి, క్లచ్ పట్టుకుని, వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఐడిలింగ్‌కి రానివ్వకూడదు. వస్తే ప్లగ్గు రంగు మారిపోతుంది. అప్పుడు రోడ్డు పక్కనే ప్లగ్గులు విప్పి చూడాలి. తడబాటు లేదు. అరవై ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు. ఆ ఇంజిన్ నాలుగు వేల చుట్లు దాటాక గొంతు మారుస్తుంది చూడండి, దానికోసమే జనం ఇన్ని తిప్పలు పడేది.

వంతెన ఇవతల బండి ఆపి ప్లగ్గులు తీశాం. రెండూ ఒకే రంగు! కానీ కావలసిన రంగు కాదు. మంచి టీ రంగు ఉండాలి. ఇవి బిస్కెట్టు రంగులో, కొంచెం వెలిసినట్టు ఉన్నాయి. రెండు పక్కలా సమానంగా వెలిసాయంటే, జత కుదిరింది, మొత్తంమీద పెట్రోలు చాలడం లేదు.

దీనికి కాక దగ్గర ఒక్క మాటలో జవాబుంది: "పెట్రోలు మారింది." ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. ఆ 14.7 లెక్క ఈ20 దగ్గరికొచ్చేసరికి 13.5 దగ్గరికి దిగుతుంది. కొత్త బండిలో కంప్యూటర్ సెన్సర్ చూసి సర్దుకుంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లలో దాదాపు అన్నీ ఫ్యూయెల్ ఇంజెక్షనే. 1980లలో తయారైన ఇత్తడి జెట్టుకి ఇథనాల్ సంగతి ఎవరు చెప్తారు? దాని చిల్లు ఎంతో అంతే. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బర్లని తింటుంది. ఎడమ పక్క రబ్బరు పగలడంలో దాని చెయ్యి ఉందని కాక నమ్మకం. నాకైతే నలభై ఏళ్ల వయసు చాలనిపిస్తుంది. ఆ వాదన తేలలేదు.

షెడ్డుకి తిరిగొచ్చి రెండు పక్కలా మెయిన్ జెట్టు ఒక నంబరు పెద్దది వేశారు. డబ్బాలో జెట్లు వెతకడం నా పని. నంబర్లు అంత చిన్నగా ఉంటాయి, ఆయనకి కళ్లజోడుతో కూడా కనపడవు. మళ్లీ వంతెన దాకా. అప్పటికి నైట్ షిఫ్ట్ వదిలేశారు. హెల్మెట్లు, టిఫిన్ డబ్బాలతో బండ్లు ఎదురొస్తున్నాయి. ఇద్దరు ముగ్గురు ఆగి, ఆర్డీని చూసి, కాకని పలకరించి, ప్లగ్గుల దాకా వంగి చూశారు. ఒకాయన తన ఫోన్ టార్చి వేశారు. కుడిది టీ రంగు. ఎడమది టీ రంగే, కాకపోతే పాలు ఓ చెంచా ఎక్కువైన టీ.

ఇంకా తిప్పుదామా అన్నాను.

కాక రెండు ప్లగ్గుల్నీ వెలుగుకి పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత ఎడమదాన్ని నా చేతికిచ్చారు. "ఇది గింతే ఉండనీ. కొత్త రబ్బరు, ఇంక కూసోలె. నెలాగి నువ్వే సూడు. ట్యూబు కొనుక్కో, పైసలేం గావు. వానలు వడ్డంక మళ్లొకసారి తీస్కరా. గాలి మారుతది."

ఐడిలింగ్‌లో బండి నడుస్తుండగా అరచేయి ట్యాంకు మీద ఆనించి, కాసేపు అలాగే ఉంచారు. తర్వాత కిక్కు పక్కన ఉన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, అప్పటికే షెడ్డు ముందు నిలబడ్డ స్కూటీ కుర్రాడి వైపు తిరిగారు.